తెర మీద ఆగిన చెల్లె చెయ్యి

మా చెల్లెకు పుట్టుకతోనే చెవులు వినబడవు. అందుకే మాటలూ రాలేదు. కల్వకుర్తి దగ్గరి పల్లెలో మేం పెరిగేటప్పుడు మా ఇంట్లోనే ఒక సైగల భాష పుట్టింది. ముక్కుపుల్ల ఉండేచోట వేలు పెడితే అమ్మ. రెండు అరచేతులు మార్చి మార్చి తడితే జొన్నరొట్టె. నా కనుబొమ్మ మీద గాటు ఉంది కాబట్టి కనుబొమ్మ తాకితే నేను. ఏ బడిలోనూ లేని భాష అది. బాపు, ఆ తర్వాత అమ్మ పోయాక, అది పూర్తిగా తెలిసినవాళ్లం మేమిద్దరమే మిగిలాం.

చెల్లెను నారాయణపేటలో చీరలు నేసే ఇంటికి ఇచ్చారు. మా ఆయనకు డ్యాం దగ్గర ఉద్యోగం కావడంతో నేను నందికొండ క్వార్టర్లకు వచ్చాను. ఇక్కడి నుంచి అక్కడికి బస్సులు మారుతూ పోతే పగలంతా దారిలోనే గడిచిపోతుంది. ఇక్కడ ఫోన్ నెట్ మీద వీడియో సరిగా రాదు. అందుకని ఇంటికి వైఫై పెట్టించుకున్నాం. సాయంత్రం వంట మొదలుపెట్టే ముందు ఫోన్ వంటింటి అరకు ఆనించి, ఇద్దరం చేతులతో ముచ్చట పెట్టుకునేవాళ్లం.

మొన్నటి వానాకాలంలో అది తెగిపోవడం మొదలైంది. ఒకరోజు చెల్లె ఏదో అడగబోయింది. మొహంలో ఆత్రం. వేలు ముక్కు మీద పెట్టింది. అమ్మ. తర్వాత గదవ కింద, గడ్డం దగ్గర, రెండు వేళ్లు ఆనించింది. తను. అంతే, తెర మీద ఆ చెయ్యి అట్లాగే ఆగిపోయింది. నేను ఎన్నిసార్లు కలిపినా కలవలేదు.

చెల్లె భర్తకు, మా మరిదికి, మామూలు ఫోన్ చేశాను.

"ఏమో వదినా, గామె చెప్పేది మాకు సగమే సమజైతది. అత్తమ్మ ముచ్చటే ఏదో అడుగుతాంది. జర నువ్వే కనుక్కో" అన్నాడు.

రాసి పంపమందామంటే చెల్లెకు అక్షరాలు రావు. మరునాడూ అంతే. ముక్కు మీద వేలు, గదవ కింద వేళ్లు, తెర బిగుసుకుపోవడం. అమ్మ గురించి ఏమడగాలనుకుంటుందో తెలియక నాకు అన్నం సహించలేదు.

వైఫై పెట్టినాయన వచ్చి వైరు అంతా చూశాడు. "లైన్ మంచిగనే ఉందక్కా. డబ్బా బంద్ జేసి మళ్ల ఆన్ చెయ్యుండ్రి" అని వెళ్లిపోయాడు. చేశాను. పక్క క్వార్టరామె ఇనుప బీరువా అడ్డం ఉంటే సిగ్నల్ రాదంది. డబ్బాను తెచ్చి కిటికీలో పెట్టాను. అయినా తెగింది.

"ఊకో, గింత పరేషాన్ ఎందుకు? రేపు మాట్లాడొచ్చు తియ్" అన్నాడు మా ఆయన.

"నీకు మీ అన్నతోని మాట్లాడాల్నంటే ఎట్లైనా మాట్లాడొచ్చు. మాకు గిదొక్కటే దారి" అన్నాను. ఆయన కుర్చీ లాక్కొచ్చి, డబ్బా ముందు నా పక్కన కూర్చున్నాడు.

ఇద్దరం దాన్నే చూస్తూ ఉన్నాం. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమని మొదలైంది. డబ్బా మీది లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయి, మళ్లీ ఒక్కొక్కటే వెలగసాగాయి. రెండింటికీ కరెంటు ఒకే పాత ప్లగ్గుల బోర్డు నుంచి వస్తోంది. తీసి చూస్తే లోపల పిన్ను వదులై, నల్లగా కమిలిపోయి ఉంది. ఫ్రిజ్ కరెంటు గుంజుకున్నప్పుడల్లా డబ్బా ఆరిపోతోంది. ఆయన ఆ బోర్డు పారేసి, డబ్బాకు ముందుగదిలో వేరే ప్లగ్గు చూశాడు.

ఆ సాయంత్రమే చెల్లెకు ఫోన్ కలిపాను. మళ్లీ అదే సైగ. అమ్మ. గదవ కింద రెండు వేళ్లు. ఈసారి చెయ్యి ఆగలేదు. వేళ్లు విప్పి గాలిలో తిప్పింది. తర్వాత ఏమిటి? అని.

అప్పుడు అర్థమైంది. చెల్లెకు గదవ కింద సొట్ట ఉంది కాబట్టి, రెండు వేళ్లు అక్కడ ఆనిస్తే చెల్లె. అది అందరం చేసేదే. అమ్మ మాత్రం దానికి ఇంకొకటి కలిపేది. కంది చేనులో చెల్లె కాళ్ల ముందు చిన్న మట్టిపెళ్ల విసిరి, తను తిరిగి చూడగానే గదవ తాకి, తర్వాత చెయ్యి చెంప మీదుగా కిందికి జార్చేది. అమ్మ పోయినప్పటి నుంచి చెల్లెను అట్లా పిలిచినవాళ్లు లేరు. ఇప్పుడు చెల్లెకు మూడేళ్ల బిడ్డ ఉంది. దానికి చూపిద్దామంటే, సగం మరిచిపోయిందట.

నేను చేసి చూపాను. చెల్లె తల అడ్డంగా ఊపింది. అట్ల కాదు. మళ్లీ చేశాను. కాదు. కాసేపు కళ్లు మూసుకుని చేను గట్టున నిలబడ్డ అమ్మను తలచుకున్నాను. కలుపు తీసే అమ్మ అరచేతికి ఎప్పుడూ మట్టే. అందుకే చెంప మీద అరచెయ్యి కాదు, వెనకచెయ్యి జార్చేది. అట్లా చేశాను.

చెల్లె అదే అన్నట్టు తల ఊపింది. మళ్లీ చెయ్యమంది. చేశాను. మళ్లీ చెయ్యమంది. చేస్తూనే ఉన్నాను. నా చేతిలో తనకు ఎవరు కనబడుతున్నారో నాకు తెలుసు. నాకూ ఆమెనే చూడాలని ఉంది. కానీ నా చెయ్యి నాకు నా చెయ్యిలాగే కనబడుతోంది.

తర్వాత బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని చేయించింది. అది వెనకచెయ్యి జార్చబోయి కంట్లో పొడుచుకుంది. చెల్లె నవ్వుతూ ఆ చిట్టి వేళ్లను పట్టి వంచింది. పక్కనే ఉంటే ఒక చెయ్యి తను, ఒక చెయ్యి నేను పట్టుకునేవాళ్లం. తెర ఎక్కడా ఆగకుండా, నీళ్లలా నడుస్తూనే ఉంది.