పరిశీలనలో ఉన్న మడతబందు

భద్రం బాబాయి ఏదీ పారెయ్యడు. ఈ ఒక్క ముక్క చెబితే ఆయన గురించి అంతా చెప్పినట్టే. కాలిపోయిన బల్బులు, సిరా అయిపోయిన పెన్నులు, పోయినేటి క్యాలెండరు, ఏ తాళానిదో తెలియని తాళంచెవి, అన్నీ ఆయన బల్ల సొరుగుల్లో పదిలంగా ఉండేవి. ఎవరైనా చెత్తబుట్ట వైపు చెయ్యి చాపితే చాలు, ఆఫీసు ఆ చివర నుంచి ఆయన గొంతు వినిపించేది. "భద్రంగా ఉండనియ్యి. పనికొస్తుంది." అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది. జీతమిచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"కాలిపోయిన బల్బు దేనికి బాబాయి?" అని ఒకసారి అడిగాను.

"కొత్తది కొనేటప్పుడు చూపించాలిరా, ఇలాంటిది మాత్రం ఇవ్వద్దని."

"రాయని పెన్నులో?"

"సంతకం పెట్టడం ఇష్టంలేని కాగితాలు వస్తుంటాయిగా."

ఇలాంటి మనిషితో వాదించడం కంటే గోడతో వాదించడం నయం. గోడ కనీసం ఎదురు చెప్పదు.

మాది తలుపులకీ కిటికీలకీ కావలసిన ఇనపసామాను టోకున అమ్మే కంపెనీ. గడియలు, గొళ్ళాలు, తాళాలు, తలుపు తిరగడానికి వేసే మడతబందులు. బాబాయి లెక్కల విభాగానికి పెద్ద. నేను ఆయన పక్క సీటులో కొనుగోళ్ళు ఎక్కించే గుమాస్తాని. మా ఎదురుగా బిల్లులు కొట్టేవాళ్ళు ముగ్గురు. ఇద్దరు కుర్రాళ్ళూ, మేమంతా బిల్లుల అక్క అని పిలిచే ఆవిడా.

కంప్యూటరులోనూ బాబాయిది అదే వరస. కంపెనీ పెట్టిన రోజు అమ్మిన మొదటి గొళ్ళెం దగ్గర్నుంచి నిన్న సాయంత్రం అమ్మిన స్క్రూ దాకా ప్రతి బిల్లూ అందులో ఉండాల్సిందే. దాంతో ఇవాళ ఎవరికైనా ఒక గడియ బిల్లు చెయ్యాలంటే, పాపం ఆ మిషను మొదటి గొళ్ళెం దాకా వెనక్కి వెళ్ళి, దారిలో అందర్నీ పలకరించి రావాలి. మేం మీట నొక్కి, వీధి చివరికి వెళ్ళి టీ తాగి, టీ బాగాలేదని కొట్టాయనతో పోట్లాడి, రాజీపడి తిరిగొచ్చేసరికి తెర మీద గుండ్రటి చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. సరుకు కోసం వచ్చిన మేస్త్రీలు బెంచీల మీద కునుకు తీసేవారు. ఒక వడ్రంగి అయితే బిల్లు చేతికొచ్చేలోగా మా బెంచీ కాలు ఊగుతోందని బాగుచేసి మరీ వెళ్ళాడు.

ఈలోగా మా ఓనరు ఏదో యాజమాన్య శిక్షణకి వెళ్ళొచ్చాడు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పటికి చంకలో ఒక ఫైలూ, నోట్లో 'సామర్థ్యం' అనే మాటా చేరాయి. తన గదిలో కంప్యూటరు మీద పేకాట తప్ప మరేదీ తెరిచి ఎరగని మనిషి, మర్నాడే అందర్నీ నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు.

"మన మిషను నత్తతో పోటీపడి ఓడిపోతోంది. పాత లెక్కలన్నీ తీసి పక్కన పెట్టిస్తున్నాను. అప్పుడది పరిగెడుతుందట."

"సంతోషమండీ," అన్నాం.

"అది పరిగెడితే ముగ్గురు కొట్టే బిల్లులు ఇద్దరే కొట్టచ్చు. ఎవరు ఎన్ని కొడుతున్నారో లెక్క తీయిస్తాను. వెనకబడిన మనిషికి ఓ దండ వేసి, ఓ దణ్ణం పెట్టి పంపించేద్దాం."

ఇది హాస్యమనుకుని ఆయనొక్కడే నవ్వాడు. ఇప్పటిదాకా ఆ ముగ్గురూ సరిసమానంగా బిల్లులు కొట్టేవారు. ఎంత చురుకైనవాడైనా చక్రం ఆగేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే కాబట్టి, మా ఆఫీసులో వేగానికి విలువ లేదు. ఇకనుంచి ఉంటుంది. ఆ సాయంత్రం బిల్లుల అక్క తన టిఫిన్ డబ్బా బల్ల మీదే మరిచిపోయి వెళ్ళిపోయింది.

పాత లెక్కలు పక్కన పెట్టడానికి సాఫ్ట్‌వేర్ అమ్మాయి వచ్చింది. పని తెలిసిన పిల్ల, మాట నెమ్మది. బాబాయి ఆమెకి కుర్చీ కూడా చూపించకుండా యుద్ధం మొదలుపెట్టాడు.

"పాతవి చెరిపేస్తావా అమ్మా?"

"చెరపనండీ. అటక మీద పెడతాను. ఇంట్లో రోజూ వాడని గిన్నెలు అటకెక్కిస్తాం చూడండి, అలాగ. కావలసినప్పుడు దింపుకోవచ్చు."

"దింపేటప్పుడు నిచ్చెన జారితే?"

"ఈ అటకకి నిచ్చెన ఉండదండీ."

"నిచ్చెన కూడా లేని అటకా?" అని ఆయన నా వైపు తిరిగి, చూశావా అన్నట్టు తల ఊపాడు.

ఆ అమ్మాయి నవ్వి పనిలో దిగింది. మధ్యాహ్నానికల్లా నవ్వు పోయింది. ఒక్క ఏడాది కూడా అటకెక్కడం లేదు. సాఫ్ట్‌వేరుకి ఒక నియమం ఉందట. ఏ ఏడాదిలోనైనా తేలని వ్యవహారం ఒక్కటి మిగిలున్నా ఆ ఏడాదిని కదలనివ్వదు. మా దగ్గర ప్రతి ఏడాదిలోనూ సరిగ్గా ఒక్కటి మిగిలి ఉంది. ఆమె బాబాయి దగ్గరికి వచ్చింది.

"ఎవరో ఒక మడతబందు వాపసు ఇచ్చినట్టు ఉందండీ. 'పరిశీలనలో ఉంది' అని రాసి వదిలేశారు."

"అవును. పరిశీలనలో ఉంది."

"తొమ్మిదేళ్ళ నుంచా?"

"లోపం చాలా చిన్నదమ్మా. చిన్న లోపాలే దొరకవు."

"ఆ బందు ఇప్పుడెక్కడుంది?"

"చెప్పాను కదా, పరిశీలనలో."

"దాని ముందటి ఏడాదిలోనూ ఒక బందు ఉంది. ఆ ముందటి ఏడాదిలోనూ ఉంది. ఏడాదికి ఒకటి చొప్పున వాపసు వచ్చిందా?"

"మంచి కంపెనీ కాబట్టి ఒకటే వచ్చింది. వేరే కంపెనీలకి బస్తాలకొద్దీ వస్తాయి."

ఆ పిల్ల ఓనరు గదిలోకి వెళ్ళింది. ఓనరు పేకాట మధ్యలో వదిలేసి బయటికొచ్చి, శుక్రవారానికల్లా మడతబందులన్నీ తేలాలని హుకుం జారీ చేశాడు. వాటిని తేల్చాలంటే బాబాయి దగ్గరున్న రహస్య పదం కావాలి. మర్నాడు బాబాయి ఆఫీసుకి రాలేదు. జలుబు చేసిందని కబురొచ్చింది. మడతబందు వాపసు ఇచ్చిన జలుబు అని కుర్రాళ్ళు నవ్వుకున్నారు. ఓనరు నన్ను ఆయన ఇంటికి తరిమాడు.

దారి పొడుగునా ఆ ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ వెళ్ళాను. మూతల్లేని డబ్బాలు ఒక గదీ, డబ్బాల్లేని మూతలు ఒక గదీ ఉంటాయనుకున్నాను. పక్కకి తిరిగి నడవాల్సి వస్తుందని చొక్కా కూడా పాతదే వేసుకున్నాను. పిన్ని తలుపు తీసింది. లోపలికి అడుగుపెట్టి నిలబడిపోయాను. రెండు కుర్చీలు, ఒక మంచం, గోడకి గడియారం. ఇంకేం లేదు.

"ఇల్లు మారుతున్నారా పిన్నీ?"

"లేదు బాబూ, మా ఇల్లెప్పుడూ ఇంతే. రెండు రోజులు వాడని వస్తువు కనిపిస్తే మీ బాబాయికి ఒళ్ళు మంట. నేను పక్కింటికి వెళ్ళొచ్చేలోగా నా ట్రంకు పెట్టె ఎవరికో ఇచ్చేశారు. ఒకేచోట కాసేపు కదలకుండా కూర్చోవాలంటే నాకే భయం వేస్తుంది."

నా చెవులని నేనే నమ్మలేదు. మంచం మీద దుప్పటి కప్పుకుని తుమ్ముతున్న బాబాయి ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. జలుబు మాత్రం నిజమే.

"బాబాయి, ఏమిటిది? ఇంట్లో చీపురుపుల్ల కూడా మిగలదు, ఆఫీసులో కాలిన బల్బు కూడా కదలదు."

ఆయన చాలాసేపు ముక్కు తుడుచుకున్నాడు. తప్పించుకునే దారి లేదని తేలాక చెప్పాడు.

"బిల్లుల అమ్మాయి ఏ చేత్తో కొడుతుందో చూశావా?"

"ఎడమచేత్తో. ఎడమచేతివాటం కదా."

"కాదురా. నువ్వు చేరకముందు ఆమెకి జబ్బు చేసింది. కుడిచెయ్యి పట్టు తప్పింది. ఎడమచేత్తో అ ఆల నుంచి మళ్ళీ నేర్చుకుంది. ఒక్క తప్పు రాదు, కాని ఆలస్యం. ఆ జీతం మీదే ఆ ఇల్లు నడవాలి. అప్పట్లో మిషను గుర్రంలా పరిగెత్తేది. అది పరిగెడుతుంటే ఈ పిల్ల వెనకబడేది. ఆమెని నేను పరిగెత్తించలేను కదా. మిషన్ని ఆపగలను."

"అందుకని?"

"అటకెక్కించిన ఏళ్ళన్నీ ఒక్కొక్కటే కిందికి దింపాను. మళ్ళీ ఎవరూ ఎక్కించకుండా ఏడాదికొక మడతబందు అడ్డం పెట్టాను."

"మరి బల్బులూ పెన్నులూ?"

"పాతవంటే పిచ్చి ఉన్నవాడని అందరూ నమ్మాలి కదరా. వేషం వేశాక మొహానికి రంగు పూసుకోకపోతే ఎలా? ఆ చెత్త సొరుగు తెరిచినప్పుడల్లా కిటికీలోంచి విసిరెయ్యాలనిపించేది."

నాకు నవ్వొచ్చింది. ఊరంతటికీ పిచ్చివాడిగా కనిపించడానికి ఒప్పుకుని, తనకి పరమ అసహ్యమైన పని ఇన్నేళ్ళు నవ్వుతూ చేసిన మనిషి నా ఎదురుగా కూర్చుని చీదుతున్నాడు. ఆయన మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

"శుక్రవారం దాటితే ఆయన ఇంకో సాఫ్ట్‌వేర్ మనిషిని తెస్తాడు బాబాయి. ఆ వచ్చేవాడికి బందుల మీద ఇంత ఓపిక ఉండదు. ఈ అమ్మాయి మంచిది. ఆమెకి చెబుదాం."

ఆయన ఒప్పుకోలేదు. పిన్ని ఒప్పించింది. ఎలా అంటే, "చెప్పకపోతే నేనే వెళ్ళి చెబుతాను" అంది.

సాఫ్ట్‌వేర్ అమ్మాయి నేను చెప్పిందంతా విని, మడతబందుల జాబితా ఒకసారి మళ్ళీ చూసుకుని, చాలాసేపు నవ్వింది. తర్వాత ఆలోచించింది. "పాత బిల్లు నకలు కావాలని మీ దగ్గరికి ఎవరైనా వస్తుంటారా?" అని అడిగింది.

"రోజూ వస్తారు. తాళాలకి పదేళ్ళ హామీ ఇస్తాం, బిల్లులేమో వాళ్ళు పారేసుకుంటారు."

"అయితే అటక దగ్గర ఒక మనిషి కూర్చోవాలి. అక్కడ వెతకడం నెమ్మదిగానే సాగుతుంది. తొందరపడి రెండుసార్లు నొక్కితే మళ్ళీ మొదటికొస్తుంది. ఇది నేను కల్పించి చెబుతున్నది కూడా కాదు."

శుక్రవారం బాబాయి వచ్చి మడతబందులన్నిటి ఎదురుగా 'పరిశీలన పూర్తయింది, లోపం లేదు' అని రాసి వదిలేశాడు. సాయంత్రానికి పాత ఏళ్ళన్నీ అటకెక్కాయి. మీట నొక్కితే బిల్లు వచ్చేస్తోంది. కుర్రాళ్ళు టీకి లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. బిల్లుల అక్క మాత్రం తెర వైపు బెదురుగా చూస్తూ, ఎడమచేతి వేళ్ళని మీటల మీద పరిగెత్తించబోయి తడబడుతోంది.

సాఫ్ట్‌వేర్ అమ్మాయి అటక సీటు సంగతి చెప్పగానే ఓనరు చప్పట్లు కొట్టాడు.

"ఇంకెవరు, మన భద్రం గారే. పాతవంటే ప్రాణం పెట్టే మనిషి. ఆ సీటు ఆయన కోసమే పుట్టింది."

మా ముగ్గురికీ పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంత దూరం తెచ్చిన పథకం బాబాయి సొంత కీర్తికి తగిలి బోర్లా పడింది. బాబాయి లేచి నిలబడ్డాడు.

"నాకు పాతవంటే పడదండీ."

ఆఫీసంతా గొల్లుమంది. ఓనరు కూడా నవ్వాడు. బాబాయి నవ్వలేదు. మొదటి సొరుగు లాగి చెత్తబుట్టలో బోర్లించాడు. బల్బులు టపటపా పగిలాయి. రెండో సొరుగు. మూడోది. పెన్నులూ, క్యాలెండర్లూ, తాళంచెవులూ కుప్పగా పడ్డాయి. ఆయన మొహంలో ఎంత ఆనందమంటే, ఇన్నాళ్ళ తలనొప్పి ఒక్కసారిగా దిగినట్టుంది. మేమంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. ఒక కుర్రాడు నీళ్ళ గ్లాసు కూడా తెచ్చాడు.

"మరయితే ఎవరండీ?" అన్నాడు ఓనరు, బుట్టకి దూరంగా జరుగుతూ.

"తొందర లేని మనిషి, తప్పు చెయ్యని మనిషి. మీకు మనుషుల్ని చూడగానే తెలిసిపోతుంది, మీరే చెప్పండి."

ఓనరు గంభీరంగా ఆఫీసంతా పరికించి చూశాడు. "ఆ బిల్లుల అమ్మాయి ఎప్పుడూ నింపాదిగా కనిపిస్తుంది. ఆమె అయితే?"

"మీ చూపే చూపండీ," అన్నాడు బాబాయి.

అలా బిల్లులు కొట్టేవాళ్ళు ఇద్దరయ్యారు, ఎవరి మెడలోనూ దండ పడలేదు, సామర్థ్యం పెరిగిందని ఓనరు తనకి తానే అభినందన సభ పెట్టుకున్నాడు. అక్క అటక సీటులో కుదురుగా కూర్చుంది. నకలు కోసం వచ్చినవాళ్ళు, ఆవిడ ఒక్క తప్పు లేకుండా వెతికి ఇస్తుంటే, కిక్కురుమనకుండా నిలబడేవారు.

కథ ఇక్కడ ఆగాల్సింది. కాని ఓనరు లెక్క తీయిస్తానన్న మాట మరిచిపోలేదు. నెల తిరగ్గానే, బిల్లులే కాకుండా ఆఫీసులో ఎవరెంత కొట్టారో అన్నీ రాసిన కాగితం పట్టుకుని తిన్నగా బాబాయి బల్ల దగ్గరికి వచ్చాడు. మిషను నెమ్మదిగా ఉన్నన్నాళ్ళూ మాలో ఎవరికీ తెలియని సంగతి ఒకటి అందులో బయటపడింది. బాబాయి రెండే వేళ్ళతో కొడతాడు. ప్రతి అక్షరాన్నీ తప్పిపోయిన మేకపిల్లని వెతికినట్టు వెతుకుతాడు.

"ఆఫీసు మొత్తానికి మీరే వెనక ఉన్నారండీ. ఏమిటిది?"

బాబాయి కాగితం వైపు చూశాడు. తన రెండు వేళ్ళ వైపు చూసుకున్నాడు. అటక సీటులో అక్క లేచి నిలబడింది.

"తప్పు నాదండీ. పాత బిల్లుల్లో అనుమానం వచ్చినప్పుడల్లా బాబాయి గారిని నేనే పిలుస్తున్నాను. ఆయన రోజంతా నా దగ్గరే సరిపోతోంది."

బాబాయి ఆ సీటు వైపు ఒక్కరోజు కూడా వెళ్ళలేదు. అదేదో చెప్పబోయాడు కూడా. నేను బల్ల కింద ఆయన కాలు తొక్కాను.

"అలా చెప్పరేం మరి," అని ఓనరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని తన పేకాటకి వెళ్ళిపోయాడు.

బాబాయి మెల్లగా లేచి అక్క దగ్గరికి వెళ్ళాడు. "నువ్వు నన్నెప్పుడు పిలిచావమ్మా?"

"రేపట్నుంచి పిలుస్తాను బాబాయి గారూ," అంది అక్క తెర మీంచి చూపు తిప్పకుండా. "కుర్చీ కూడా వేయించాను."