మోగని రాయి

నంద్యాల నూనెపల్లె రోడ్డులో జీవరత్నం షెడ్డు ఏదంటే లారీ డ్రైవర్లలో తెలియనివాడు లేడు. అయితే ఎవరూ జీవరత్నం మొహం చూసి అక్కడికి వచ్చేవాళ్లు కాదు. ఆ సంగతి జీవరత్నమే నవ్వుతూ ఒప్పుకునేవాడు. వచ్చేది టింకరింగ్ మేస్త్రీ దాసరయ్య కోసం. బోల్తా కొట్టిన లారీ తలుపైనా, కల్వర్టుకు గుద్దుకున్న జీపు ముక్కైనా, అతని సుత్తి కింద రెండు రోజులుంటే దెబ్బ తగిలిన చోటు ఎక్కడో ఓనరుకే గుర్తుండేది కాదు.

దాసరయ్య అహోబిలం పైన అడవిలో, చెంచుగూడెంలో పుట్టాడు. ఇరవయ్యేళ్లప్పుడు వెదురు లారీ ఎక్కి నంద్యాల వచ్చి, ఆ లారీ రిపేరుకు ఆగిన షెడ్డులోనే ఉండిపోయాడు. అడవిలో పెరిగిన చెవులు గదా, పని కూడా చెవితోనే పట్టేశాడు. దెబ్బ మొద్దుగా పడితే రేకులో ఇంకా వంకర ఉన్నట్టు, టింగున పలికితే సాపు అయినట్టు. పంతొమ్మిదివందల డెబ్బైల్లో బస్సు ఓనర్ల ముందు కళ్లు మూసుకుని మరీ కొట్టి చూపించేవాడు. కాస్త గొప్పలకు పోయే మనిషే, ఏం చేస్తాం.

ఎనభై వచ్చేసరికి ఆ చెవులు పోయాయి. ముప్పయ్యేళ్లు రేకుల మోత పక్కన కూర్చుంటే పోక ఏం చేస్తాయి? ముందు సైకిల్ బెల్లు వినపడలేదు. తర్వాత వెనక నుంచి పిలిచే భార్య నరసమ్మ గొంతు. చివరికి తన సుత్తి చప్పుడు తనకే దూరమైంది. అతను ఎవరికీ చెప్పలేదు. పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాడు. పట్టుకోలేనప్పుడు నవ్వేవాడు, లేదా "సర్లే" అనేవాడు. రేకు మీద అరచెయ్యి పెట్టి వంకర వెతుక్కునేవాడు. పనికి ముందుకంటే రెండింతలు పొద్దు పట్టేది. వయసైంది గదా అని జీవరత్నం సరిపెట్టుకున్నాడు.

"జీవరత్నన్నకు చెప్పెయ్, ఎన్నాళ్లు దాస్తావ్" అని నరసమ్మ ఎదురుగా కూర్చుని అడిగేది.

"చెవిటోనికి రేకు ఎవడిస్తాడే?" అని అతను అన్నం కలుపుకునేవాడు. ఆ భయంతోనే మూడేళ్లు గడిచాయి.

ఎనభై మూడు ఎండాకాలంలో మద్రాసు నుంచి పార్థసారథి వచ్చాడు. అహోబిలం అర్చకుల ఇంటి మనిషి, మద్రాసులో మోటారు కంపెనీ ఉద్యోగం. పాత ఫియట్ కారొకటి వెంట తెచ్చాడు. ఇరవయ్యేళ్ల కిందట ర్యాలీ పందేల్లో పరుగెత్తిన కారొకటి ఉందట, అచ్చు దానిలాగే ఇది తయారు కావాలట. చేతిలో ఒక ఫోటో. అందులో కారు బానెట్‌కు రెండు పక్కలా, ఇంజను వేడి బయటికి పోవడానికి, పన్నెండేసి గాలి చీలికలు వరుసగా లేచి ఉన్నాయి. షెడ్డులో వాటికి చేప మొప్పలని పేరు పడింది.

"అన్నీ ఒక్క తీరుగా రావల్ల. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు అయితే ఫోటో పక్కన పెట్టి చూసి నవ్వుతారు. మూడు వారాల్లో మద్రాసులో పాత కార్ల ప్రదర్శన ఉండాది" అన్నాడు పార్థసారథి.

"అట్లనే సామీ" అన్నాడు దాసరయ్య. పెదాలు బాగా కదిపే మనిషి కాబట్టి మాట మొత్తం అందింది.

రేకును ఉలితో చీల్చి, గాడి తొలిచిన దిమ్మ మీద పెట్టి, ఆ గాడి లోపలికి సుత్తితో దించితే మొప్ప లేస్తుంది. గట్టి చండ్ర కొయ్యలో గాడి తొలిచి చూశాడు. నాలుగు మొప్పలకే అంచు నలిగి ఐదో మొప్ప ముడుచుకుపోయింది. ఇనుముతో అచ్చు పోయించాలంటే హైదరాబాదు పోవాలి, నెల పడుతుంది. అప్పుడు దాసరయ్యకే తట్టింది, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాళ్లున్నారు గదా, గాడి రాతిలో చెక్కిస్తే నలగదని. "ఏం బుర్రప్పా నీది" అన్నాడు జీవరత్నం. దాసరయ్య ఆ పూటంతా సంతోషంగా ఉన్నాడు.

ఆళ్లగడ్డలో కంబగిరి ఆచారి ఆవరణ రోడ్డు మీదికే ఉంటుంది. పదిమంది ఉలులు ఆడిస్తున్నారు. దాసరయ్యకు అక్కడ ఏ చప్పుడూ లేదు. ఆచారి పని అడిగి తెలుసుకుని, రెండు నల్లరాతి ముక్కలు ముందుకు దొర్లించాడు.

"రాయి ఏరుకో అప్పా. దాని మీద కొట్టేది నువ్వు, నీకే తెలుస్తాది" అని ఒకదాని మీద సుత్తితో తట్టాడు. తర్వాత రెండోదాని మీద. తట్టి, తల ఎత్తి చూశాడు.

రాతిపని వాళ్లకు అది ఉగ్గుపాలతో వచ్చిన విద్య. మంచి రాయి గంటలా మోగుతుంది, కడుపులో పగులున్న రాయి మూగగా పలుకుతుంది. రేకు పనివాడికి ఆ తేడా వేరే చెప్పాలా అని ఆచారి అనుకున్నాడు. దాసరయ్యకు రెండూ ఒకటే. ఆచారి ఎదురుచూస్తున్నాడు, ఇంకో ఇద్దరు శిల్పులు కూడా చూస్తున్నారు. ఇంకోసారి తట్టమని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. రెండోది ఎక్కువ నల్లగా, నున్నగా ఉంది. వేలు పెట్టి దాన్ని చూపించాడు.

"ఇదా?" అన్నాడు ఆచారి.

"ఇదే."

ఆచారి రాతిని, అతన్ని మార్చి మార్చి చూశాడు. మోగే రాయి సుత్తిని ఎగరగొడుతుందేమో, ఇతని పనికి మూగదే మేలేమో, ఎవరి విద్య వాళ్లది అనుకుని ఉలి తీసుకున్నాడు. నాలుగు రోజుల్లో జానెడు గాడి, అద్దంలా, చెక్కి ఇచ్చాడు.

మొదటి రేకు మీద పన్నెండు మొప్పలూ కవల పిల్లల్లా వచ్చాయి. రెండో రేకు మొదలుపెట్టిన రోజు జీవరత్నం షెడ్డు ముందర ఒక లారీ ఓనరుతో మాట్లాడుతున్నాడు. లోపలి నుంచి వచ్చే దెబ్బ గరగరమంది.

"దాసరయ్యా, ఆపప్పా. రాయి పలుకు మారింది" అని కేకేశాడు. మళ్లీ కేకేశాడు. వీపు ఇటు తిప్పి కూర్చున్న దాసరయ్య తొమ్మిదో మొప్ప మీద సుత్తి దించాడు. రాయి రెండుగా విడిపోయింది, రేకు మధ్యకు చిరిగింది.

జీవరత్నం వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "అంతగా అరుస్తాంటే ఇనపల్యా?"

అబద్ధం ఎంత తొందరగా నోటికొస్తుందో దాసరయ్యకే ఆశ్చర్యం. "ఇనపడింది. ఆపేలోపల్నే పాయె. ఆ ఆచారి పగుల్రాయి అంటగట్టినాడన్నా" అన్నాడు.

జీవరత్నానికి కోపం నషాళానికెక్కింది. రాయి ముక్కలు రెండూ గోనెసంచిలో వేసుకుని, దాసరయ్యను వెంటబెట్టుకుని, మధ్యాహ్నం బస్సుకే ఆళ్లగడ్డ పోయాడు. ఆచారి తప్పేమీ లేదని, రాయి ఏరుకున్నది తానేనని దాసరయ్యకు తెలుసు. దారిలోనే బస్సు దిగి వెనక్కి పారిపోదామా అనిపించింది.

వాళ్లు పోయేసరికి పాములపాడు నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు ఆంజనేయ విగ్రహానికి బేరం మాట్లాడుకుంటున్నారు. జీవరత్నం వాళ్ల ముందరే సంచి బోర్లించాడు. "ఏం మనిషివి ఆచారీ, పగుల్రాయి చెక్కి ఇస్తావా?"

పగులున్న రాతిని ఎవరూ గుళ్లో నిలబెట్టరు. అటువంటి రాయి చేతులు మారిందన్న మాట పుడితే చాలు, శిల్పి ఇంటి ముందు ఇంకెవరూ ఆగరు. పెద్దలిద్దరూ మొహాలు చూసుకుని పైపంచె దులుపుకుంటూ లేచారు. "మళ్లా వస్తాంలే ఆచారీ" అన్నాడొకడు.

ఆచారి మొహం పాలిపోయింది. "రెండు రాళ్లు తట్టి ఇనిపించినా. ఈయప్పే దీన్ని ఏరుకున్నాడు."

"మూగ రాయిని ఎవుడన్నా ఏరుకుంటాడా? మా మేస్త్రీకేమన్నా చెవుడా?" అన్నాడు జీవరత్నం.

ఆచారి దాసరయ్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పప్పా. తట్టినానా, లేదా?"

లేదు అంటే సరిపోతుంది. షెడ్డు, సుత్తి, పేరు అన్నీ మిగులుతాయి. పెద్దలు అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెడుతున్నారు.

"తట్టినాడన్నా" అన్నాడు దాసరయ్య. "నాకే ఇనపల్యా. నాకు చెవులు పోయి మూడేండ్లాయె. ఏది ఎట్ల పలికిందో తెలీకనే ఏలు చూపిచ్చినా. పొద్దున నువ్వు కేకేసింది గూడా ఇనపల్యా."

పెద్దలు చెప్పులు వదిలి మళ్లీ వచ్చి కూర్చున్నారు. ఆచారి మాత్రం చల్లబడలేదు. "నా నోట్లో మన్ను కొట్టను వచ్చినావే" అంటూ దాసరయ్య మణికట్టు గట్టిగా పట్టుకుని లాక్కుపోయి, ఆ రోజు మిగిలిపోయిన మొదటి రాయి మీద అతని అరచెయ్యి ఆనించి సుత్తితో తట్టాడు. సన్నని వణుకు మోచేతి దాకా పాకింది. తర్వాత పగిలిన ముక్క మీద పెట్టి తట్టాడు. ఏమీ లేదు.

"తెలిసిందా?"

"తెలిసింది."

"ఆ పొద్దే అడిగింటే ఇట్లనే చూపిచ్చింటా గదప్పా" అన్నాడు ఆచారి. అంత కోపంలోనూ మోగే రాతిని గాడి కొట్టడానికి పక్కన పెట్టాడు. దాసరయ్య తల ఎత్తలేకపోయాడు.

తిరుగు బస్సులో జీవరత్నం కిటికీ పక్కన కూర్చున్నాడు. శిరివెళ్ల దాటాక ఏదో మాట్లాడటం మొదలుపెట్టాడు. మొహం కిటికీ వైపే ఉంది, దవడ కదలడం మాత్రం కనిపిస్తోంది. ఇట్లాంటప్పుడు దాసరయ్య ఎప్పుడూ "సర్లే అన్నా" అనేవాడు. ఆ మాట నాలిక మీదికి వచ్చింది కూడా.

కానీ ఈసారి జీవరత్నం భుజం మీద చెయ్యి వేశాడు. "ఇటు తిరిగి చెప్పన్నా. నాకు ఇనపల్యా."

జీవరత్నం తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒక్కొక్క మాటా నిదానంగా, పెదాలు కదిపి చెప్పాడు. "సారథిసామి కారు నువ్వే ముగించు. ఆ తర్వాత సుత్తి పని నీకియ్యలేనప్పా. ఎనకనుంచి లారీ వచ్చినా నీకు తెలీదు. నాకు భయమైతాంది."

"సరే అన్నా" అన్నాడు దాసరయ్య. మూడేళ్లలో జీవరత్నం చెప్పింది, ఒక్క మాట కూడా ఊహించుకోకుండా, మొదటి నుంచి చివరిదాకా అతనికి అందడం అదే మొదటిసారి.