పసుపు పెట్టిన సెన్సారు

పరిశోధన పేరుతో ఎచ్చెర్లలో అద్దె గదిలో ఉండిపోయిన అయిదో ఏడది. నాతో చేరినవాళ్లందరూ డిగ్రీలు పుచ్చుకుని వెళ్లిపోయారు. ఆదివారం నేను నోరు విప్పానంటే కర్రీ పాయింటులో "ఒక పప్పు, ఒక వేపుడు" అనడానికే. ఒంటరితనం అంటే అప్పట్లో ఒప్పుకునేవాణ్ని కాదు గానీ, అదే.

సముద్రం ఒడ్డున ఒక పేటలో చేపలమ్ముకునే ఆమె ఉండేది. చుట్టరికం లేదు, పిన్నీ అని పిలిచేవాణ్ని. చేపల పెట్టెలో ఐసు చల్లదనాన్ని ఎంతసేపు నిలుపుతుందో కొలవడం నా పని. అందుకు తన థర్మోకోల్ పెట్టె వాడుకోనిచ్చింది. నేను కనబడగానే అడిగేది ఒక్కటే.

"ఒరే గుంటడా, తిన్నావేటి?"

తిన్నానని అబద్ధం చెప్పేవాణ్ని. నమ్మేది కాదు, అన్నం పెట్టేసేది. ఆ ఒక్క ప్రశ్న కోసం లేని పని కల్పించుకుని బస్సెక్కిన రోజులున్నాయి.

ఆ రోజు థర్మిస్టర్‌ను లాగర్‌కు కలిపాను. థర్మిస్టరంటే వేడిని పసిగట్టే సెన్సారు; మిరియపు గింజంత పూస, దానికి రెండు సన్నటి తీగ కాళ్లు. పూస వేడెక్కితే కరెంటు సులువుగా పోతుంది, చల్లబడితే కష్టంగా పోతుంది. లాగర్ అనే చిన్న డబ్బా ఆ తేడాని పావుగంటకోసారి డిగ్రీల్లో రాసి పెట్టుకుంటుంది. కాళ్లకు వైర్లు అతికించాక ఒక్కోదానికీ ప్లాస్టిక్ గొట్టం తొడగాలి. గొట్టాలు గదిలో మరిచిపోయి వచ్చాను. మళ్లీ ఎవడు వెళ్తాడని టేపు చుట్టేసి, గ్లాసుడు ఐసు నీళ్లలో ముంచాను. సున్నా చూపించింది. ఇంకేం, చాలనుకుని పిన్ని పెట్టెలో పెట్టేసి వచ్చాను.

మూడు రోజుల తర్వాత వెళ్లి లాప్‌టాప్‌లో చూస్తే, మొదటి రాత్రంతా ఒక డిగ్రీ ఉంది. తెల్లారాక ఇరవైకి ఎక్కి, మరి దిగలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఐసు వెయ్యలేదా పిన్నీ?"

"ఎయ్యకేటి? దినామూ ఏస్తన్నాను."

"వేస్తే ఇరవై ఎందుకుంటుంది? మిషన్ అబద్ధం చెప్పదు."

చేపలు కొనడానికొచ్చిన ఇద్దరాడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చేతిలో చేపని మెల్లగా పెట్టెలో పెట్టేసి వెళ్లిపోయారు. పిన్ని వాళ్లు పోయినవైపు చూసి, తర్వాత నన్ను చూసింది.

"అయితే నానే అబద్దమాడతన్నాననుకో," అంది.

పూసని పైకి లాగాను. టేపు ఊడి వేలాడుతోంది. రెండు కాళ్ల మధ్య పసుపు ముద్ద, దాని మీద కుంకుమ బొట్టు. కొత్త వలకైనా కొత్త బుట్టకైనా పసుపు పెట్టందే వాడని ఇల్లది. నా పూసకీ పెట్టింది. ఉప్పునీళ్లకు తడిసిన ఆ పసుపులోంచి కరెంటు దొడ్డిదారిన పోతుంటే, లాగర్ దాన్ని వేడనుకుంది. గొట్టాలు తొడిగి ఉంటే ఎంత పసుపైనా ఏమీ చేసేది కాదు.

"నీ పరీచ్చ పాసవ్వాలని ఎట్టినాను," అంది పిన్ని.

తప్పు నాదేనన్నాను. నిందేమో నలుగురిలో వేశాను, తప్పు ఒప్పుకునేటప్పుడు ఆమె తప్ప వినేవాళ్లు లేరు.

మర్నాడు గొట్టాలు తొడిగి మళ్లీ కలిపాను. ఈసారి నేనే పసుపు పెట్టమని అడిగాను.

"మీ వస్తువు, మీరే సూసుకోండి," అంది.

వారం రోజుల అంకెలు ముత్యాల్లా వచ్చాయి. వాటితోనే నా డిగ్రీ గట్టెక్కింది.

లాగర్ తెచ్చుకోవడానికి వెళ్లిన రోజు పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. కావాలనే తినలేదు. అడిగితే ఈసారి నిజం చెబుదామనుకున్నాను. నన్ను చూసి ఆమె లేచి, పెట్టె మూత తీసి, పక్కకి జరిగి నిలబడింది.

"తీసుకోండి సార్," అంది.