చదవాల్సిన ఫైలును నడిపించాను

1992లో నాచారంలోని ఒక రంగుల ఫ్యాక్టరీలో అసిస్టెంట్ సిస్టమ్స్ మేనేజరుగా చేరాను. హోదా పెద్దదే గాని, నా కింద ఉన్నది ఒక యూనిక్స్ యంత్రం, నాలుగు టెర్మినళ్లు, ముగ్గురు ఆపరేటర్లు. ఉప్పల్ నుంచి సైకిల్ మీద వెళ్లేవాణ్ణి. కంప్యూటరు గదిలో కూడా రంగులో కలిపే థిన్నర్ వాసనే. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే కాసేపు నిలబడిపోతాను.

ప్రతి షిఫ్టు మొదట్లో నేను రాసిన షెల్ స్క్రిప్టు, అంటే యంత్రానికిచ్చే ఆజ్ఞల వరుస, నడిచేది. ఏ బ్యాచ్, ఏ లైను అన్న వివరాలు ఆపరేటర్లు ఒక సెట్టింగుల ఫైలులో మార్చేవారు. దాన్ని వరుసవరుసగా చదివి విడదీసే ఓపిక లేక, ఫైలు మొత్తాన్ని చుక్క అనే ఒక్క ఆజ్ఞతో, ఆజ్ఞలు అమలుచేసే షెల్‌కు అప్పగించాను. అలా చేస్తే అందులో ఏముంటే అది ఆజ్ఞగా అమలవుతుంది. పైగా తర్వాతి షిఫ్టుకు చెప్పాల్సిందీ అందులోనే, ముందు హాష్ (#) గుర్తు పెట్టి రాయమన్నాను. ఆ గుర్తున్న వరుసను షెల్ వదిలేస్తుంది.

యాదగిరి చిల్కానగర్‌లో ఉండే టెంపరరీ ఆపరేటరు. ఆ నెలలోనే పర్మనెంట్ కావాలి. ఒక మధ్యాహ్నం షిఫ్టు దిగుతూ, తర్వాతి షిఫ్టువాళ్ల కోసం ఆ ఫైలులో ల్యాబు ట్రయల్ ఫార్ములాలు తుడిచే ఆజ్ఞ రాసి, పక్కనే ‘సారును అడిగాకే’ అని ఇంగ్లీషు అక్షరాల్లో చేర్చాడు. హాష్ మరిచాడు. తర్వాతి షిఫ్టులో షెల్ ఫార్ములాలను తుడిచేసి, మిగతా మాటల పేర్లతో ఫైళ్లు లేవని తెర మీద ఫిర్యాదు చేసింది. ల్యాబువాళ్ల వారం రోజుల పని పోయింది.

వర్క్స్ మేనేజరు రాతపూర్వకంగా రిపోర్టు అడిగారు. ‘ఆపరేటరు అజాగ్రత్త’ అని రాసిచ్చాను. యాదగిరికి మెమో ఇచ్చారు.

యాదగిరి నా టేబుల్ దగ్గరికొచ్చాడు. “అడగమని నేను రాసిన సార్. అడగకుండ జేసింది మీ ప్రోగ్రామ్. మెమో దానికియ్యున్రి” అన్నాడు.

చూద్దాంలే అన్నాను. చూడలేదు. అతని పర్మనెంట్ ఆర్డరు ఆగిపోయింది. నెల తిరక్కుండానే మానిపించారు.

స్క్రిప్టు మార్చడానికి నాకు ఒక పూట పట్టింది. ఒక్కో వరుస చదివి, సమానం గుర్తు దగ్గర పేరుగా, విలువగా విడదీసి, నేను ముందే రాసుకున్న పేర్లను మాత్రమే ఒప్పుకునేలా, విలువలో అక్షరాలూ అంకెలూ తప్ప ఇంకేమున్నా ఆగిపోయేలా చేశాను. రిపోర్టులో ఒక్క వాక్యం మార్చడానికి అంత సమయం కూడా పట్టేది కాదు.

పదిమంది చేతులు పడే ఫైలును స్క్రిప్టు చదవాలి గాని నడపకూడదు. మనిషి మరిచిపోతాడని ముందే అనుకుని ప్రోగ్రాము రాయాలి. అలా రాయనివాడు ఆపరేటరు మీద రిపోర్టు రాయకూడదు. నేను రాశాను.