పెదనాన్న నోట్లో జేబు

పెదనాన్నకి ఎవరి జేబు కనపడినా తిరగేసి దులపకపోతే చెయ్యి ఊరుకోదు. దొంగబుద్ధి కాదు పాపం, టైలరు బుద్ధి. "జేబు పైకి శుభ్రంగానే ఉంటుంది. చెత్తంతా అడుగు మూలల్లో చేరుతుంది" అంటూ చొక్కా ఉన్నపళంగా విప్పించేస్తాడు. చూడ్డానికొచ్చిన చుట్టం ఒకాయన బనీనుతో కూర్చుని కాఫీ తాగి, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. బస్సులో పక్కవాడి కోటు దులపబోయి పోలీస్ స్టేషనుకి వెళ్ళాడు. అక్కడ ఇన్‌స్పెక్టరు జేబు కూడా దులిపి మరీ తిరిగొచ్చాడు.

అందరికన్నా ఎక్కువ బాధ పడింది తమ్ముడి కూతురు. పళ్ళ డాక్టరు. కొత్తగా క్లినిక్ తెరిచింది. వారం తిరిగేసరికి పెదనాన్న హాజరు.

"కోటివ్వవే. ఛీఛీ, ఈ జేబులో పిచ్చుక గూడు పెట్టుకోవచ్చు!"

పేషెంట్లు కిసుక్కుమనేవాళ్ళు. ఆమె సిగ్గుతో చచ్చిపోతూ కోటు విప్పి ఆయన మొహాన పడేసి, లోపలికి పారిపోయేది.

ఒకసారి ఆయన చిగుళ్ళలోంచి రక్తం వస్తోందని వచ్చాడు. ఆమె చూసింది.

"పంటికీ చిగురుకీ మధ్య సందు పడింది పెదనాన్నా. మేము పాకెట్ అంటాం."

ఆయన మొహం వెలిగిపోయింది. "జేబా! ఎంత లోతు?"

"ఆరు మిల్లీమీటర్లు."

"అంగుళాల్లో చెప్పవే."

"పావు అంగుళం."

"అంత బుల్లి జేబు నేనెప్పుడూ కుట్టలేదు" అన్నాడు మెచ్చుకోలుగా.

ఆ జేబున్నది మామూలు పన్నుకి కాదు, దారం కొరికే పన్నుకి. కత్తెర వాడమని ఆమె ఎన్నోసార్లు పోరింది. "కత్తెర బట్టకి. దారానికి పన్నే" అనేవాడు.

కోత లేకుండా చిగురు కిందకి పరికరం పోనిచ్చి, పంటి వేరు మీద పట్టిన గారనంతా గీకి తీసింది. "మూడు నెలలకి చూపించు. అడుగున క్రిములు మిగిలాయేమో చూడాలి" అంది.

మర్నాటినుంచి పెదనాన్న షాపులో గుండీ కుట్టించుకోవడానికొచ్చినవాడికి కూడా నోరు తెరిచి చూపించాడు. "మా అమ్మాయి! కొయ్యకుండా బాగుచేసింది!" క్లినిక్‌లో కుర్చీలు చాలలేదు. ఆయన మాత్రం కోటు కోసమే వచ్చేవాడు. నోరు తెరవమంటే "నిక్షేపంలా ఉంది, ముందు కోటివ్వు" అనేవాడు. పని తొందరలో ఆమె కూడా వదిలేసింది.

చివరికి పన్ను ఊగుతుంటే వచ్చాడు. చిగురు నొక్కితే చీము.

"ఎన్నాళ్ళనుంచి?"

"రక్తం ఎప్పుడూ ఆగలేదే."

"నాతో చెప్పొద్దూ! పరికరం అందనంత లోతులో కొన్ని క్రిములు మిగులుతాయి, అది ఎవరి తప్పూ కాదు. అప్పుడే చెబితే చిగురు తెరిచి, అడుగుదాకా శుభ్రం చేసి కుట్టేదాన్ని."

"కుట్టు విప్పి దులపాలన్నమాట. నాకు తెలియదనుకున్నావా?"

"మరి?"

"కొత్త షాపు నీది. కొయ్యకుండా బాగుచేసిందని ఊరంతా చెప్పుకొచ్చాను. మళ్ళీ విప్పారని తెలిస్తే గిరాకీ ఏమవుతుంది?"

లోకంలోని జేబులన్నీ తిరగేసిన మనిషి తన నోట్లో జేబు దాచుకున్నాడు. ఆమె ఒక్కసారి కోటివ్వనని మొండికేసి నోరు తెరిపించి ఉంటే సరిపోయేది. ఆ పశ్చాత్తాపంతోనే పన్ను పీకింది. ఇంక చెయ్యడానికేం లేదు.

పెదనాన్న దూది కరిచిపట్టుకుని చెయ్యి చాచాడు. ఆమె కోటిచ్చి, మొదటిసారి పక్కనే కూర్చుంది. ఆయన జేబు తిరగేశాడు, దులిపాడు, తన కాలరు కిందనుంచి దారం ఎక్కించిన సూది తీశాడు. జేబు అడుగునంతా కుట్టు మీద కుట్టు, రకరకాల దారాలు.

"ఇవన్నీ నువ్వు కుట్టినవేనా?"

"తాళాలగుత్తి వేసుకు తిరిగితే చిల్లు పడదూ?" మాట ముద్దముద్దగా వచ్చింది. "జేబు చిరిగిందని చెబితే మనిషి చిన్నబోతాడు. చెత్తుందని చెబితే నన్ను తిట్టుకుని పోతాడు, అంతే."

"ఇన్‌స్పెక్టరుది కూడా చిరిగిందా?"

"వాడిదే పెద్ద చిల్లు!"

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన ముడివేసి, అలవాటు కొద్దీ దారం నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. కాసేపు దాన్నే చూసి, కోటు ఆమె ముందుకి జరిపాడు.

"కొరుకు."

"కత్తెరుంది పెదనాన్నా."

"కత్తెర బట్టకి."

పళ్ళ డాక్టరు అటూ ఇటూ చూసి, వంగి దారం కొరికింది.

"అలా కాదే, పక్క పన్నుతో!" అన్నాడు పెదనాన్న.