బావగారు తిన్న చప్పిడి కూడు

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆదివారం నుంచి ఒకే ప్రశ్న నాలుగుసార్లు పెట్టాను. అందరూ చూశారు, ఒక్కరూ పలకలేదు. నా మాట పక్కన పెట్టడం మావాళ్లకు కొత్తేమీ కాదు, అది మా అక్క రోజుల నుంచీ ఉన్నదే.

అప్పట్లో నేను విజయవాడలో ఒక ఆస్పత్రిలో ఓపీ చీటీలు రాసేవాణ్ణి. కంకిపాడులో ఉండే అక్క, రొమ్ములో గడ్డ తగులుతోందని చెబితే, ముక్క తీసి పరీక్ష చేయించాలని పట్టుబట్టాను. కత్తి తగిలితే గడ్డ ఒళ్లంతా పాకుతుందని ఆ రోజుల్లో మనందరి ఇళ్లలో ఉన్న భయం మీకూ గుర్తుండే ఉంటుంది. బావగారిదీ అదే భయం. "చీటీలు రాసేవాడివి, డాక్టరువెప్పుడయ్యావోయ్?" అన్నారు. వంటింట్లోంచి అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

మైలవరం అవతల ఆకుమందు ఇచ్చే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ప్రతి ఆదివారం బావగారు తన కండువా అక్క తలకు చుట్టి, స్కూటరు మీద అంత దూరమూ తీసుకెళ్లేవారు. ఉప్పు, పులుపు మానాలని ఆ పెద్దాయన పథ్యం పెడితే, ఆవకాయ లేనిదే ముద్ద దిగని బావగారు అక్కతో పాటు ఆరు నెలలు చప్పిడి కూడు తిన్నారు. నేను వెళితే అక్క నన్ను పెరటి వైపు కూర్చోబెట్టి, "మీ బావగారికి నోరూరుతుంది, తొందరగా తినెయ్యరా" అంటూ గోంగూర వడ్డించేది. అంత ప్రేమ ముందు నా పరీక్ష మాట ఎవరికి వినబడుతుంది! చివరికి ఆస్పత్రికి వచ్చేసరికి గడ్డ చంకలోకి పాకింది. అక్క ఆ ఏడాది దాటలేదు.

ఇప్పుడు ఆమె కూతురికీ రొమ్ములో గడ్డ కనిపించింది. వచ్చే సోమవారం బయాప్సీకి, అదే ఆ ముక్క తీసే పరీక్షకి, ఆస్పత్రికి రమ్మన్నారు. బావగారేమో గ్రూపులో, గడ్డలు కరిగిస్తుందంటూ లక్ష్మణఫలం ఆకుల కషాయం వీడియో పెట్టారు. నాన్న ఎలా అంటే అలాగే మామయ్యా, అంటోంది పిల్ల. స్కూటరు పోయింది, మైలవరం దాకా వెళ్లే పనీ పోయింది, ఆకుమందు మాత్రం ఫోనులోకి వచ్చి కూర్చుంది. మారనివి బావగారి భయమూ, ఆ ప్రేమానూ.

బావగారూ, అది ఉత్త గడ్డే కావచ్చు, కాకపోనూ వచ్చు. ఆ సంగతి తేల్చేది కషాయం కాదు. మీరు మళ్లీ పథ్యం చేస్తానంటే ఈసారి మీ పక్కన కూర్చుని నేనూ చప్పిడి తింటాను. ఐదోసారి అడుగుతున్నాను: సోమవారం పిల్లను తీసుకొస్తున్నారా, లేదా? జవాబు చెప్పండి.