వాసన చూడనిదే ముద్ద ముట్టని పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందన్న కబురు మా ఆయన తెచ్చారు. నేను బడిలో పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయిస్తున్నాను. ఆయన గుమ్మం దగ్గర నిలబడి, టోపీ చేతిలో నలుపుకుంటూ, మెల్లిగా చెప్పారు. నేను ఏడవలేదు. "మీరు చూశారా, ఎవరైనా చెప్పారా?" అని అడిగాను. పక్క గది పంతులమ్మ నావంక విస్తుపోయి చూసింది. "చూశాను. నా చేతిలోనే పోయింది," అన్నారాయన. అప్పుడు బల్ల మీద కూలబడ్డాను.

అలా అడగడం నాకు నేర్పింది పెద్దమ్మే. ఈ రంగూనులో కబుర్లకు కరువు లేదు. ఓడ మునిగిందంటారు, అది మర్నాడు రేవులో కనిపిస్తుంది. ఫలానావాడు పోయాడని ఏడుస్తూ ఉంటే ఆ ఫలానావాడే చుట్ట కాల్చుకుంటూ వీధిలో ఎదురొస్తాడు. "సూసినోడు సెప్తే కబురు, ఇన్నోడు సెప్తే గాలి" అనేది ఆవిడ. మా వేదం బైబిల్లో తోమా సంగతి వస్తే అందరూ అతన్ని తప్పు పడతారు గదా, పెద్దమ్మ మటుకు అతని పక్షం. చచ్చి లేచిన ప్రభువును ముట్టుకుని చూస్తేగాని నమ్మనన్నాడు, ఆయన కోప్పడి పొమ్మన్నాడా, చెయ్యి చాపి చూపించాడు కదా అని వాదించేది.

చచ్చినవాళ్ళను పొగిడే వాళ్ళంటే కూడా ఆవిడకు గురి లేదు. బతికుండగా గంజి పోయనివాడు పోయాక పాయసం వండుతాడనేది. అందుచేత ఈ నాలుగు మాటలూ జాగ్రత్తగా రాస్తున్నాను. ఆవిడ చదువుకున్నది కాదు గనుక దీన్ని ఎలాగూ చదవదు, అయినా నాకు భయంగానే ఉంది.

ఆవిడ మా అమ్మకు అక్క. అమ్మ పోయాక నన్ను చంకన వేసుకుని, మొగుడితో కలిసి కళింగపట్నంలో ఓడ ఎక్కింది. ఎక్కించినవాడు మన మతస్థుడే. సముద్రం ఒడ్డున మోకాళ్ళూని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, ఈ కుటుంబానికి తోడుండమని ప్రార్థన చేశాడట. మా పెద్దనాన్నకు గిడ్డంగిలో కాపలా పని సిద్ధంగా ఉందన్నాడు. తీరా దిగాక ఉన్నది బియ్యం బస్తాలు మొయ్యడం. వాడు మళ్ళీ కనబడలేదు. ఆ బస్తాల కింద పెద్దనాన్న ఊపిరితిత్తులు నలిగిపోయి, దగ్గి దగ్గి కన్నుమూశాడు. అప్పటినుంచి పెద్దమ్మ ప్రార్థనను నమ్మేది గాని ప్రార్థన చేసేవాణ్ణి ఆగి, తిప్పి చూసి, అప్పుడు నమ్మేది. ఒక్కోసారి అప్పుడు కూడా నమ్మేది కాదు.

లతా పేటలో, తెలుగువాళ్ళుండే వరస గదుల బారకాసులో మాకొక గది. పొద్దున్నే వీధి చివర కుండ పెట్టుకుని రేవు పనివాళ్ళకు చోడి అంబలి, అదే రాగి అంబలి, అమ్మేది. ఆ అంబలితోనే నన్ను మిషను బడిలో చదివించి పంతులమ్మను చేసింది. సాయంత్రం దీపం పెట్టగానే నేను వేదంలోంచి ఒక అధ్యాయం చదవాలి. నాలుగు వచనాలు చదివానో లేదో చెయ్యి అడ్డం పెట్టేది. "ఆగు. ఈ మాట రేపు మనకెక్కడ పనికొస్తాది?" అని అడిగేది. పనికొచ్చే చోటు దొరికేదాకా ముందుకు కదలనిచ్చేది కాదు. వేకువనే గట్టిగా దీవించేవాడి దీవెన శాపంతో సమానమని సామెతల్లో ఒక మాట ఉంది. అది చదివిన మర్నాడే పక్క గది ఆవిడ తెల్లారకుండా వచ్చి పెద్దమ్మ అంబలిని తెగ మెచ్చుకుంది. పెద్దమ్మ నావైపు ఓరగా చూసింది. సాయంత్రానికల్లా ఆ మెచ్చుకున్నావిడ మా పెద్ద కుండ అడిగి పట్టుకుపోయింది, తిరిగొచ్చేటప్పటికి దానికి మూతి లేదు.

పాముల్లా తెలివిగా, పావురాల్లా కల్లాకపటం లేకుండా ఉండమన్నదానికి ఆవిడ చెప్పే అర్థం వినాలి. పాము ముందు, పావురం వెనక, ప్రభువు ఆ వరస ఊరికే పెట్టలేదు అనేది. గుడిలో ప్రార్థన వేళ కళ్ళు మూసుకునేది కాదు. పాస్టరుగారు ఒకసారి మెత్తగా మందలిస్తే, మెలకువగా ఉండి ప్రార్థించమన్నారు గాని కళ్ళు మూసుకోమని ఎక్కడుంది బాబూ అని అడిగింది. ఆయన నవ్వేశారు.

ఇక తిండి సంగతి. ఎవరు ఏది పెట్టినా ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. పెళ్ళి భోజనమైనా సరే, నా చేత్తో వండిన కూరైనా సరే. నలుగురిలో నాకు తల కొట్టేసినట్టుండేది.

అలాంటి మనిషి ముందుకు ఒక ఆదివారం ఊరవతల ఇన్సేను రైలు కార్ఖానాలో పనిచేసే ఒకాయన వచ్చాడు. గుడిలో లేచి ప్రార్థన చేశాడు. అంత మంచి ప్రార్థన నేను అంతకుముందు వినలేదు. ముసలాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను కూడా తుడుచుకుని పక్కకు చూస్తే పెద్దమ్మ కళ్ళు విప్పార్చుకుని అతని చెప్పులకేసి చూస్తోంది. ఇంకేముంది, గోవిందా అనుకున్నాను. కొన్నాళ్ళకు అతను పాస్టరుగారి ద్వారా నన్ను అడిగించాడు. నాకు ఇష్టమే. పెద్దమ్మ మటుకు, సూద్దాం, అంది. ఆవిడ నోట ఆ మాట వచ్చిందంటే తలుపు గడియ పడినట్టే.

ఆ తర్వాత అతను ఒక శనివారం సాయంత్రం కమలాపళ్ళు పట్టుకుని మా గదికి వచ్చాడు. పెద్దమ్మ పళ్ళు వాసన చూసింది. పళ్ళు అందుకోవడంలో అతని చొక్కా చెయ్యి కూడా వాసన చూసింది. అతను వెళ్ళాక తలుపేసి నాకు చెప్పింది. ఆ చొక్కా నప్పి కంపు కొడుతోందట. చేపల్నీ రొయ్యల్నీ ఉప్పులో ఊరబెట్టి దంచి చేస్తారే, బర్మావాళ్ళకు అది లేనిదే ముద్ద దిగదు, ఆ నప్పి. మన తెలుగువాళ్ళు ఎండుచేపలు ఎంత ఇష్టంగా తిన్నా దాని జోలికి మటుకు పోరు. అతను తినేది తెలుగు మెస్సులో. అక్కడ నప్పి వండరు. నప్పి ఉందంటే బర్మా పొయ్యి ఉంది, బర్మా పొయ్యి ఉందంటే ఊదేందుకు ఒక బర్మా మనిషి కూడా ఉంది. ఇదీ ఆవిడ లెక్క.

నవ్వి తోసేయడానికి వీల్లేదు. మన తీరంనుంచి వచ్చినవాళ్ళలో అక్కడొక సంసారం, ఇక్కడొక సంసారం ఉన్నవాళ్ళు మా బారకాసులోనే ఉన్నారు. ఆ కమలాపళ్ళు నేను ముట్టలేదు.

పెద్దమ్మ అంబలి కుండ బోర్లించి ఇన్సేను రైలెక్కింది. అతను గుడికి వెళతాడా, వేదం చదువుతాడా అని ఎవరినీ అడగలేదు. తిన్న కంచం ఎవరు కడుగుతారని మెస్సు వంటవాణ్ణి అడిగింది. బట్టలు వేసేటప్పుడు ఎలా మాట్లాడతాడని చాకలిని అడిగింది. కంచం తనే కడుక్కుంటాడట, చాకలిని పేరు పెట్టి పిలుస్తాడట. అయితే వంటవాడు ఒక మాట అన్నాడు. శనివారం పని దిగగానే అతను మెస్సు తిండి మానేసి పట్నం వెళతాడనీ, అక్కణ్ణించి పడవ మీద నది దాటి డల్లా వైపు పోతాడనీ, ఎందుకని అడిగితే నవ్వి ఊరుకుంటాడనీ చెప్పాడు.

ఆ పై శనివారం పెద్దమ్మ నన్ను కూడా రేవుకు లాక్కుపోయింది. నేను రానని మొండికేశాను. "నువ్వూ సూడాల గుంటా. రేప్పొద్దున్న నా మాట మీద నువ్వు బతకక్కర్నేదు," అంది. సంపాను పడవ మీద నది దాటుతున్నంతసేపూ నా మణికట్టు వదల్లేదు. నేను నీళ్ళకేసి చూస్తూ, ఆ మనిషి అక్కడ ఉండకూడదు దేవుడా అని ప్రార్థించాను. కళ్ళు మూసుకోకుండానే.

ఉన్నాడు. రేవు పక్కనే తాటాకు కప్పిన ఒక బర్మా ముసలామె భోజనాల కొట్టు. పొట్టి పీట మీద కూర్చుని, చొక్కా చేతులు మడుచుకుని, ఉడికించిన ఆకుకూర నప్పిలో అద్దుకుని అన్నంతో తింటున్నాడు. ఆ తినడం చూడాలి, లోకం మీద ధ్యాస లేదు. చుట్టూ మరో ఆడమనిషి లేదు, పిల్లా జెల్లా లేదు. ఆ ముసలామెకు పళ్ళు కూడా లేవు. మమ్మల్ని చూసి ఎంగిలిచేత్తో లేచి నిలబడ్డాడు.

పెద్దమ్మ ఆ నప్పి గిన్నె ఎత్తి వాసన చూసి, మొహం పక్కకు తిప్పుకుని, మళ్ళీ చూసింది. "ఏటి బాబూ, దీనికోసవేనా?" అని అడిగింది. అవునమ్మా, అన్నాడు. ఒకసారి ఎవరో తోటి పనివాడు తినిపిస్తే రుచి తగులుకుందనీ, మెస్సులో తెలిస్తే వెలేసినట్టు చూసి ఎగతాళి చేస్తారని ఎవరికీ చెప్పలేదనీ అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాను. పెద్దమ్మ నవ్వలేదు.

"ఇంత సిన్నది దాసినోడు పెద్దది దాయడా?" అంది. గిన్నె అక్కడ పెట్టేసి పడవ ఎక్కింది.

కొంచెంలో నమ్మకంగా ఉన్నవాడే ఎక్కువలో నమ్మకంగా ఉంటాడని మేమిద్దరం చదువుకున్న మాటే అది. దాన్ని తెచ్చి నా పెళ్ళి మీద బండరాయిలా పెట్టింది. ఇంటికొచ్చాక నాకు కోపం ఆగలేదు. ప్రేమ చెడును ఊహించుకోదనీ, అన్నిటినీ నమ్ముతుందనీ కూడా అదే వేదంలో ఉంది, ఆ వచనం నీకెప్పుడు పనికొస్తుంది పెద్దమ్మా అని అడిగేశాను. ఆవిడ వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. ఆ పూట అధ్యాయం చదవమని కూడా అనలేదు.

మర్నాడు గుడి దగ్గర అతన్ని పక్కకు పిలిచి ఒకటే చెప్పింది. వచ్చే ఆదివారం ఆ నప్పి తెచ్చుకుని, మా బారకాసులో, మా పొయ్యి మీద, అందరూ చూస్తుండగా వండుకు తినాలి.

వచ్చాడు. పట్టపగలు, ఉతికిన బట్టలతో, ఆకులో చుట్టిన నప్పి పొట్లం చేత్తో పట్టుకుని అందరి గుమ్మాల ముందునుంచి నడిచొచ్చాడు. నూనెలో పడేటప్పటికి బారకాసు బారకాసంతా బయటికొచ్చింది. ముక్కులు మూసుకున్నవాళ్ళు కొందరు, తిట్టినవాళ్ళు కొందరు. మూతిలేని కుండ ఆవిడైతే ఎవరైనా చచ్చారా అని అడిగింది. అతని చెవులు ఎర్రబడ్డాయి, అయినా మధ్యలో లేవలేదు. వండుకుని, తిని, కంచం కడిగి బోర్లించాడు. పెద్దమ్మ ఎదురుగా కూర్చుని కన్నార్పకుండా చూసింది. అతను వెళ్ళాక నాతో అంది, "కంపు కొడితే కొట్టింది గాని ఎలుగులోకొచ్చాడు. ఇచ్చీవొచ్చు."

పెళ్ళైంది. అనుమానం తీరిందనుకున్నారా? మీకు మా పెద్దమ్మ తెలియదు. మాతోనే ఉంటూ, మా ఆయన ఏది తెచ్చినా, ఏది పెట్టినా, వాసన చూసే తినేది. ఆయన కంచం ముందు పెట్టి చేతులు కట్టుకుని తీర్పు కోసం నిలబడేవారు. నేనే ఒకసారి ఉండబట్టలేక, ఇంకా ఆయన్ని నమ్మలేదా అని అడిగాను. నిన్న బాగున్న అన్నం ఇవాళ పాసిపోదా అంది. ఇంకో మాట కూడా అంది, అది నాకు చాలా రోజులకు గాని ఒంటబట్టలేదు. "నన్ను నానే రోజూ వాసన సూసుకుంతానే. పొద్దు గూకాక మోకాళ్ళ మీద పడేది అందుకే." మేమెవ్వరం చూడకుండా ఆవిడ అనుమానించిన మనిషి ఒకరున్నారనీ, అది తనేననీ, ఒంటబట్టాకే తెలిసింది. మాకు పెట్టిన పరీక్షలన్నీ ఆ మనిషికి పెట్టాకే పెట్టేది.

ఈ వానల్లో పట్టుకున్న దగ్గు ఆవిణ్ణి వదల్లేదు. మంచం మీద పడుకోబెట్టి మా ఆయనే గంజి కాచేవారు. ఒక సాయంత్రం గిన్నె నోటి దగ్గర పెట్టారు. పెద్దమ్మ అలవాటుగా ముక్కు చాపింది. పీల్చింది, మళ్ళీ పీల్చింది. మొహంలో ఎప్పుడూ చూడని బెదురు కనబడింది. ఆ దగ్గుతో వాసన పోయింది. ఆవిడకున్న కావలి అదొక్కటే. గిన్నెకేసి చూసింది, ఆయనకేసి చూసింది. ఇక తినదు, ఇలాగే మాడి పోతుంది అనుకున్నాను.

"నాకు తెలవడం నేదు బాబూ. నువ్వు సూసి సెప్పు," అంది.

ఆయన గిన్నె తన ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తొందరపడలేదు, ఆవిడ చూసినంతసేపూ చూశారు. "బాగుంది అత్తమ్మా," అన్నారు. పెద్దమ్మ నోరు తెరిచింది. అప్పుడు మొట్టమొదటిసారి ఆవిడ కళ్ళు మూసుకుని మింగడం చూశాను. పోయేదాకా ప్రతి పూటా అంతే జరిగింది.

సమాధి చేసి వచ్చాం. చావింట పొయ్యి వెలిగించరు గదా, బారకాసువాళ్ళే అన్నం, పప్పు పంపించారు. మూతిలేని కుండ ఆవిడ తనే స్వయంగా తెచ్చి గుమ్మంలో పెట్టి, కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది. నాకు తినబుద్ధి కాలేదు. మా ఆయన ఆ గిన్నె అందుకున్నారు. మూత తీసి, పెద్దమ్మ కూర్చునే చోట కూర్చుని, గిన్నెను ముక్కు దగ్గరికి ఎత్తి చాలాసేపు వాసన చూశారు. తర్వాత నావైపు జరిపారు.

"బాగుంది. తిను," అన్నారు.